ఎంత వేడికి ఏ ప్యాడ్

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో స్పేర్ పార్టుల కొట్టు ముందు కాసేపు నిలబడితే ఈ మాటలు తప్పకుండా చెవిన పడతాయి.

"అన్నా, ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్లు కావాలి."

"ఏ బండి?"

"స్విఫ్ట్."

"పెట్రోలా, డీజిలా? ఏ సంవత్సరం మోడలు?"

"డీజిల్, పదిహేడు మోడలు."

"కంపెనీవి ఇమ్మంటావా, మామూలువా?"

"ఏదో ఒకటి, మంచివి ఇవ్వన్నా."

కొట్టతను అడిగినవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. బండి, మోడలు తెలియకపోతే, ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్‌లో కూర్చునే ప్యాడ్ దొరకదు. జేబు సంగతి తెలియకపోతే ఏ డబ్బా దించాలో తెలియదు. కానీ అసలు ప్రశ్న అడక్కుండానే బేరం తెగిపోయింది. ఈ బండి ఎక్కడ తిరుగుతుంది? రోజూ అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆఫీసుకా, నెలకోసారి తిరుమల కొండకా, లేక చెన్నై దగ్గరున్న రేస్ ట్రాక్‌కా? కొట్టతను అడగడు, కొనేవాడు చెప్పడు. 'మంచివి' అన్న ఒక్క మాట దగ్గర ఇద్దరూ సర్దుకుపోతారు.

బ్రేక్ ప్యాడ్లలో 'మంచివి' అని ఒక రకం లేదు. ప్రతి ప్యాడ్‌కీ అది సరిగ్గా పనిచేసే వేడి ఒకటుంటుంది, ఇన్ని డిగ్రీల నుంచి ఇన్ని డిగ్రీల దాకా అని. అంతకంటే చల్లగా ఉంటే సరిగా పట్టదు. అంతకు మించి వేడెక్కితే పట్టు వదిలేస్తుంది. మీ బండి డిస్కులు ఎంత వేడెక్కుతాయో ఆ వేడిలో నమ్మకంగా పనిచేసేదే మీకు మంచి ప్యాడ్. పక్కింటాయన బండికి అదే ప్యాడ్ పనికిరాకపోవచ్చు.

వేడి లెక్క

బ్రేకు బండిని ఆపుతుందంటాం గానీ, నిజానికి అది చేసేది వేగాన్ని వేడిగా మార్చి గాల్లోకి వదలడం. వేగం రెట్టింపైతే ఆ వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు. వెయ్యి కిలోల కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాన్ని ఆపడానికి బ్రేకులు సుమారు 96 కిలోజౌళ్ల శక్తిని మింగాలి. 100 మీద ఆపాలంటే 386. అదే కారు 200 మీద ఉంటే 1,540 దాటుతుంది. ఊళ్లో తిరిగే బండికీ ట్రాక్ మీద తిరిగే బండికీ తేడా ఈ మూడు అంకెల్లోనే ఉంది.

దీన్ని ట్రాక్ మీద పెట్టి చూద్దాం. మన కుర్రాళ్లు ఎక్కువగా వెళ్లేది శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో కట్టిన మద్రాస్ సర్క్యూట్‌కి. 3.7 కిలోమీటర్ల చుట్టు. డ్రైవరుతో కలిపి 1,100 కిలోలుండే చిన్న కారు ఒక తిన్నని దారి చివర 150 అందుకుందనుకోండి. మూల తిరగడానికి 60కి దిగాలి. గట్టిగా బ్రేకు కొడితే ఇది మూడు సెకన్ల పని. ఆ మూడు సెకన్లలో సుమారు 800 కిలోజౌళ్లు. లెక్కేస్తే 300 హార్స్‌పవర్‌కి పైనే. ఆ బండి ఇంజిన్‌ది మహా అయితే 90 హార్స్‌పవర్. అంటే ఇంజిన్ చెమటోడ్చి చాలాసేపు కూడబెట్టిన వేగాన్ని, దానికి మూడింతల బలంతో బ్రేకులు క్షణాల్లో కరిగించాలి. అందులో మూడొంతులు ముందు చక్రాల మీదే పడుతుంది, బ్రేకు కొట్టగానే బండి బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి. ఆ వేడి చల్లారేలోపే ఇంకో మూల, తర్వాత ఇంకో మూల. చుట్టు పూర్తయితే మళ్లీ మొదటి నుంచి.

ఊళ్లో దీనికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి. 40 మీద పోతూ సిగ్నల్ దగ్గర ఆగుతాం, రెండు నిమిషాలు నిలబడతాం, మళ్లీ కదులుతాం. డిస్కు గోరువెచ్చబడుతుంది, చల్లారుతుంది. మామూలు వాడకంలో అది 100, 150 డిగ్రీల సెల్సియస్ దాటడం అరుదు. పొద్దున్నే గ్యారేజీలోంచి తీసి వీధి చివర కొట్టే మొదటి బ్రేకు వాతావరణంలో ఎంత వేడి ఉందో అంత వేడి మీదే కొడతాం. అడ్డంగా వచ్చిన స్కూలు పిల్లాడి కోసం పట్టాల్సింది ఆ మొదటి బ్రేకే.

ఈ రెంటికీ నడుమ ఘాట్ రోడ్డు ఉంది, మనవాళ్లకు బాగా తెలిసింది. తిరుమల నుంచి అలిపిరికి దిగేటప్పుడు బండి సుమారు 650 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. మనుషులతో సహా 1,200 కిలోల కారుకి అది 7,600 కిలోజౌళ్లు. అదే బండిని 100 మీద నుంచి పూర్తిగా ఆపడమనే పనిని వరసగా పదహారు సార్లు చేసినంత. వేగం 40 దాటకుండా నెమ్మదిగా దిగినా ఆ వేడి ఎక్కడికీ పోదు. రెండో గేరులో దిగితే ఇంజిన్ అందులో పెద్ద భాగం పంచుకుంటుంది. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగేవాళ్లు మొత్తం బరువును రెండు జతల ప్యాడ్ల మీద, వెనక డ్రమ్ముల్లోని లైనింగుల మీద వేస్తున్నారు. కొండ కింద చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చే బండ్లలో ఎక్కువ వీళ్లవే. ఇలాంటివాళ్లు నన్ను ఏ ప్యాడ్ వేయించమంటారని అడిగితే, ముందు గేరు వేయమంటాను.

ప్యాడ్ లోపల ఏముంది

1888లో బెర్తా బెంజ్ భర్త చేసిన మోటారు బండి తీసుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. వాలుల మీద చెక్క బ్రేకులు అరిగిపోతుంటే దారిలో ఒక చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగ్ కథ అక్కడ మొదలైందని చెబుతారు. 1897 ప్రాంతంలో ఇంగ్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, గుర్రబ్బండ్ల వాళ్లు వాలు దిగేటప్పుడు పాత బూట్లను చక్రానికి అదిమి పట్టడం చూసి అంతకంటే మెరుగైన సరుకు తయారీకి పూనుకున్నాడు. ఆయన పెట్టిన ఫెరోడో కంపెనీ పేరు మీద ఇప్పటికీ ప్యాడ్లు వస్తున్నాయి. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఆస్బెస్టాస్ రాజ్యమేలింది. అది ఊపిరితిత్తులకు చేసే చేటు తేలాక పక్కకు తప్పుకుంది. ఇప్పటి ప్యాడ్ల పొడి కూడా పీల్చదగ్గది కాదు. చక్రం విప్పగానే ఎయిర్ గన్‌తో ఆ నల్లపొడి ఊదేసే మెకానిక్‌ని ఆపి, తడిగుడ్డతో తుడవమని చెప్పండి.

ఇప్పుడు కొట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఆర్గానిక్ అనేవాటిలో రకరకాల నారలు, పొడులు, రబ్బరు వంటివి రెసిన్‌తో అతికించి ఉంటాయి. చప్పుడు తక్కువ, డిస్కును అరగదీయవు, చల్లగా ఉన్నప్పుడే చక్కగా పడతాయి. 300 డిగ్రీలు దాటితే మాత్రం చేతులెత్తేస్తాయి. సెమీ మెటాలిక్‌లో ఇనుము, ఉక్కు నారల వంటి లోహాలు బరువులో మూడో వంతు నుంచి సగం పైదాకా ఉంటాయి. వేడిని ఎక్కువ తట్టుకుంటాయి, బదులుగా కొంచెం అరుస్తాయి, చక్రాల రిమ్ములను నల్లబరుస్తాయి. సిరామిక్ ప్యాడ్ల పొడి తక్కువ, అది కూడా లేత రంగులో ఉంటుంది, చప్పుడూ తక్కువే. రోడ్డు మీద హాయిగా ఉంటాయి. పేరులో సిరామిక్ ఉందని ఇవి రేసుకు పనికొస్తాయని చాలామంది అనుకుంటారు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు వచ్చే కార్బన్ సిరామిక్ డిస్కులతో దీనికి సంబంధం లేదు. ఇవి పుట్టిందే ఊళ్లో తిరిగే బండ్ల కోసం.

నాలుగో రకం, అంటే అసలు రేస్ ప్యాడ్, మామూలు కొట్లో ఉండదు, తెప్పించుకోవాలి. దీని సంగతే వేరు. రకాన్ని బట్టి 200 డిగ్రీల దగ్గర నిద్రలేచి 600, 700 దాకా నిలబడుతుంది. రాత్రంతా సాగే లెమాన్ వంటి రేసుల్లో బ్రేకు కొట్టే చోట డిస్కులు ఎర్రగా వెలగడం టీవీలో చూసే ఉంటారు. ఆ వేడిలో పనిచేయడానికి పుట్టినవి ఇవి. ఫార్ములా వన్ ఇంకా పైమెట్టు. అక్కడ డిస్కూ ప్యాడూ రెండూ కార్బనే. 1,000 డిగ్రీల వేడికీ జంకవు, చల్లగా ఉంటే మాత్రం సరిగా పట్టవు. అందుకే రేసు మొదలుకాక ముందు చుట్టులో డ్రైవర్లు ఊరికే బ్రేకులు తొక్కుతూ వాటిని వేడెక్కిస్తుంటారు.

వేడిని వదిలించుకోవడమే గెలుపని తేల్చిన రేసు 1953 లెమాన్. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సి టైప్‌కి డన్‌లప్ డిస్క్ బ్రేకులున్నాయి. పోటీ బండ్లలో చాలావాటికి డ్రమ్ములు. ఇరవైనాలుగు గంటల పాటు తిన్నని దారి చివర మిగతావాళ్ల కంటే ఆలస్యంగా, అదే నమ్మకంతో బ్రేకు కొట్టగలిగిన బండి గెలిచింది.

రేస్ ప్యాడ్ వేస్తే బండి దగ్గర్లో ఆగుతుందా

ఆగదు. ఈ ప్రశ్న అడిగేవాళ్లకు ఒక చిన్న పరీక్ష చెబుతుంటాను. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 మీద ఒక్కసారి బ్రేకు పూర్తిగా తొక్కండి. కాలి కింద పెడల్ టకటకమని కొట్టుకుంటూ ఏబీఎస్ పనిచేసిందా? అయితే మీ ప్యాడ్లు చక్రాన్ని బిగబట్టేంత బలంగా ఇప్పటికే ఉన్నాయి. ఆ పైన బండి ఎంత దూరంలో ఆగాలో తేల్చేది టైరుకీ రోడ్డుకీ ఉన్న పట్టు. ప్యాడ్ మీద పెట్టదలచిన డబ్బు టైర్ల మీద పెట్టండి, నాలుగు అడుగులు ముందే ఆగుతుంది.

రేస్ ప్యాడ్ ఇచ్చేది ఒక్కసారి గట్టిగా ఆపే బలం కాదు. పదిహేనోసారి కూడా మొదటిసారి లాగే ఆపే ఓపిక. ఆ పదిహేనోసారి మీ దారిలో ఎప్పుడూ రాకపోతే ఆ ఓపికకు డబ్బు దండగ. డబ్బు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. చల్లగా ఉన్న రేస్ ప్యాడ్ పొద్దుటి మొదటి బ్రేకుకు చెక్కలా జారుతుంది, కీచుమంటుంది, వేడెక్కక ముందే డిస్కును గీకి అరగదీస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. అందువల్ల రోజువారీ బండికి నా సలహా చాలా చప్పగా ఉంటుంది. కారుతో వచ్చిన ప్యాడ్ ఏ రకమో అదే, నమ్మకమైన చోట కొన్నది. బండి నిండా మనుషులతో తరచూ ఘాట్ రోడ్లు తిరిగేవాళ్లు ఒక మెట్టు ఎక్కి మంచి సెమీ మెటాలిక్ వేసుకోవచ్చు. అంతకు మించి అక్కర్లేదు.

విద్యుత్ కారున్నవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ తరం కార్లను వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే రూపొందించారు. వెనక్కి పట్టే పని మోటారే చేసి, ఆ శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. మీ ఇంట్లోని విద్యుత్ కారూ చిన్న ఎత్తున ఇదే చేస్తుంది. దాంతో ప్యాడ్లకు పని లేక డిస్కులు తుప్పు పడతాయి. అలాంటి బండికి వేడి కోరే ప్యాడ్ వేయడం కంటే, అప్పుడప్పుడు ఖాళీ రోడ్డు మీద రెండు మూడు గట్టి బ్రేకులు కొట్టి డిస్కులు శుభ్రం చేసుకోవడం మేలు.

ప్యాడ్ వెనక రాసింది చదవండి

కొట్లో డబ్బా మీది బొమ్మ చూడకండి. ప్యాడ్ బయటికి తీసి, వెనకున్న ఇనుప రేకునీ పక్క అంచునీ వెలుతురులో తిప్పి చూడండి. తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు మధ్య ఇంగ్లీషులో ఎఫ్ఎఫ్, ఈఈ, జీఎఫ్ లాంటి రెండక్షరాలు కనిపిస్తాయి. మొదటి అక్షరం ప్యాడ్ ఓ మోస్తరు వేడి మీద ఎంత పట్టిందో, రెండోది బాగా కాగాక ఎంత పట్టిందో చెబుతుంది. ఈ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35 దాకా, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 దాకా, జీ అంటే 0.45 నుంచి 0.55 దాకా. ఎఫ్ఎఫ్ ఉంటే రోడ్డు బండికి చాలు. మొదటి అక్షరం కంటే రెండోది తగ్గితే వేడెక్కేకొద్దీ పట్టు సడలుతుందన్నమాట. ఘాట్ రోడ్డుకు అలాంటిది వద్దు.

అయితే ఈ అక్షరాల మీద మరీ భారం వేయకండి. ఈ పరీక్ష చేసేది అంగుళం చదరంలో కోసిన చిన్న ముక్క మీద. వేడి పరీక్ష కూడా 340 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. రేసు వేడి అసలు మొదలయ్యేది ఆ తర్వాతే, కాబట్టి రేస్ ప్యాడ్ కొనేటప్పుడు ఈ అక్షరాలు ఏమీ చెప్పవు. దానికి తయారీదారు ఇచ్చే గ్రాఫ్ చూడాలి, వేడి పెరిగేకొద్దీ పట్టు ఎలా మారుతుందో గీసింది. గీత ఎక్కువ దూరం సమంగా సాగాలి. ఒకచోట శిఖరంలా లేచి పడిపోయే గీత ఉన్న ప్యాడ్ కాలికి దొరకదు, ఒక మూల దగ్గర ఒకలా, మరో మూల దగ్గర ఇంకోలా పట్టేస్తుంది.

యూరప్ కార్ల ప్యాడ్లు కొనేవాళ్లు ఆర్90 అనే గుర్తు కోసం వెతకండి. అసలు ప్యాడ్ పట్టుకీ దీని పట్టుకీ 15 శాతానికి మించి తేడా ఉండకూడదన్నది ఆ నిబంధన సారం. కారు తయారుచేసినవాళ్లు ఏబీఎస్‌ని సర్దింది ఆ పట్టును బట్టే, అందుకే ఈ గుర్తుకు విలువ.

ట్రాక్‌కి వెళ్లేవాళ్లకు

మొదటిసారి ట్రాక్‌కి వెళ్తున్నారా? ప్యాడ్లు మార్చకండి, బ్రేక్ ఆయిల్ మార్చండి. ఇది విని చాలామంది నిరుత్సాహపడతారు, ఆయిల్ మార్చానని స్నేహితులకు చూపించుకోవడానికి ఏమీ ఉండదు కదా. కానీ మొదటిసారి వచ్చినవాళ్ల బండ్లలో ముందుగా లొంగిపోయేది తరచూ ఆయిలే. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అది గాల్లోని తేమ పీల్చుకుంటుంది. తేమ పట్టిన అదే ఆయిల్‌కి ప్రమాణం 155 మాత్రమే. సర్వీసుకిచ్చినప్పుడల్లా ఇంజిన్ ఆయిల్ మార్పించి, బ్రేక్ ఆయిల్‌ని ఏళ్ల తరబడి వదిలేసిన బండి ట్రాక్ మీద నాలుగు చుట్లు తిరిగితే కాలిపర్‌లో ఆయిల్ మరుగుతుంది, ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కితే ఒత్తిడి ముందుకు పాకుతుంది, ఆవిరి నొక్కితే ఒదిగిపోతుంది. పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది.

ఈ గుర్తు మనసులో పెట్టుకోండి. పెడల్ మెత్తబడి కిందికి పోతే మరిగింది ఆయిల్. పెడల్ రాయిలా గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే వేడికి ఓడింది ప్యాడ్. రెంటికీ మందులు వేరు. ఆయిల్ మరిగిన బండికి ఖరీదైన ప్యాడ్ వేస్తే జబ్బు పోదు, పైగా ఎక్కువ వేడిని పుట్టించి ఆయిల్‌ని ఇంకా తొందరగా మరిగిస్తుంది. రేసుల కోసం 300 డిగ్రీలు దాటినా మరగని ఆయిల్స్ దొరుకుతాయి. డాట్ 5 అని రాసున్న సిలికాన్ ఆయిల్ మాత్రం ఏబీఎస్ ఉన్న బండిలో పోయకండి. డాట్ 5.1 వేరు, దాన్ని డాట్ 4 ఉన్న బండిలో వాడొచ్చు.

రెండో మూడో సారికి వేగం పెరిగి, గట్టి పెడల్‌తో బండి ఆగడానికి మొరాయించడం మొదలుపెట్టాక ప్యాడ్ సంగతి ఆలోచించండి. అప్పటికి మీ డిస్కుల వేడి మీకు తెలిసి ఉండాలి. పిట్‌లోకి రాగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపిస్తే ఒక అంకె వస్తుంది, కానీ ఆ లోపే డిస్కు చాలా చల్లారి ఉంటుంది, మూల దగ్గరి వేడి అంతకంటే బాగా ఎక్కువని గుర్తుంచుకోవాలి. డిస్కు అంచునో కాలిపర్‌కో పూసే రంగులు ఇంకా నమ్మకం. ఫలానా డిగ్రీలు తాకగానే రంగు మారి అలాగే ఉండిపోతాయి, కాబట్టి గరిష్ఠ వేడి ఎంతో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

వీధికీ ట్రాక్‌కీ ఒకే ప్యాడ్ కావాలని అందరికీ ఉంటుంది. అమ్మేవాళ్లూ ఉందనే అంటారు. ఇంటి నుంచి నడుపుకుంటూ వెళ్లి, ఏడాదికి ఒకటి రెండు సార్లు సరదాగా తిరిగి వచ్చేవాళ్లకు 'ఫాస్ట్ రోడ్' రకం ప్యాడ్లు కొంతవరకు సరిపోతాయి. చల్లగా ఓ మాదిరిగా పడతాయి, 500 దగ్గరా ఓ మాదిరిగా నిలబడతాయి. గడియారం చూసుకుని నడిపే స్థాయికి వచ్చాక ఈ రాజీ పనికిరాదు. రెండు సెట్లు ఉంచుకోవడమే దారి. ఫ్లోటింగ్ కాలిపర్ ఉన్న బండికి ప్యాడ్లు మార్చడం రెండు బోల్టుల పని, చేయి తిరిగితే పావుగంటలో ఒక చక్రం అయిపోతుంది.

రేసులోనూ అందరికీ ఒకటే ప్యాడ్ కాదు. ఎనిమిది పది చుట్ల రేసుకి కాలు వేయగానే కసిక్కున పట్టేది బాగుంటుంది. గంటల తరబడి సాగే రేసుకి నెమ్మదిగా అరిగేది కావాలి. కాలు తీయగానే పట్టు అంతే శుభ్రంగా వదలడాన్ని కొనేటప్పుడు ఎవరూ అడగరు గానీ, బ్రేకు సడలిస్తూ మూల తిరిగే డ్రైవరుకి మొదటి పట్టు కంటే అదే ముఖ్యం. వదలడానికి తటపటాయించే ప్యాడ్ మూల మధ్యలో ముందు చక్రాలను లాగి పట్టుకుంటుంది.

వెనక ప్యాడ్ల మాటకొస్తే ఒక్కటే జాగ్రత్త. ముందు కంటే వెనక ఎక్కువ పట్టే ప్యాడ్ ఎప్పుడూ వేయకూడదు. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి తన చుట్టూ తాను తిరుగుతుంది. మన దగ్గర చాలా చిన్న కార్లకు వెనక డ్రమ్ములే కనుక ఈ తప్పు చేసే అవకాశం తక్కువ. వాటిలో ముందు మరీ దూకుడైన ప్యాడ్ వేస్తే ఇంకో చిక్కు. ముందు ఏబీఎస్ తొందరగా అందుకుంటుంది, వెనక డ్రమ్ములు సగం పని కూడా చేయకుండా కూర్చుంటాయి.

మొదటి వేడి, చివరి మిల్లీమీటర్లు

కొత్త ప్యాడ్ ఎక్కించిన రోజే గట్టిగా వాడకండి. లోపలి రెసిన్ మొదటిసారి కాగినప్పుడు వాయువులు వదులుతుంది, అవి ప్యాడ్‌కీ డిస్కుకీ నడుమ పొరలా చేరి పట్టు తప్పిస్తాయి. పైగా ప్యాడ్ సరుకు డిస్కు మీద పలచని పూతలా సమంగా అంటుకోవాలి. ఆ పూత మీదే ప్యాడ్ పట్టు ఆధారపడి ఉంటుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా ఓ మోస్తరు గట్టిగా బ్రేకు కొట్టి, పూర్తిగా ఆగకుండా మళ్లీ 60 అందుకుని, అలా ఎనిమిది పది సార్లు చేయండి. తర్వాత పది పదిహేను నిమిషాలు బ్రేకు వీలైనంత వాడకుండా తిప్పి చల్లార్చండి. వేడి డిస్కు మీద పెడల్ తొక్కి ఆగి ఉంటే ప్యాడ్ ఆనిన చోట సరుకు మచ్చలా అతుక్కుంటుంది. అప్పటి నుంచి బ్రేకు కొట్టినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. మెకానిక్ 'డిస్కు బెండయింది, మార్చేయాలి' అంటాడు. చాలాసార్లు బెండయ్యేది డిస్కు కాదు, దాని మీది పూత ఒకచోట మందం, ఒకచోట పలచన. మళ్లీ సరిగ్గా వేడి పట్టించడమో, డిస్కును తేలిగ్గా లేతు పట్టించడమో చేస్తే చాలావరకు పోతుంది. డిస్కు మీద ముద్రించిన కనీస మందం కంటే తగ్గకుండా చూసుకోవాలి. రేస్ ప్యాడ్లకు ఇదే పని ఇంకా ఎక్కువ వేడి మీద ట్రాక్‌లోనే చేయాలి, వేగాలు తయారీదారు చెప్పినట్టు.

ట్రాక్ దిగేముందు ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి రండి. పిట్‌లో హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో ఉంచి, చక్రానికి రాయో చెక్కో అడ్డం పెట్టండి. చల్లారాక ప్యాడ్లు విప్పి చేతిలోకి తీసుకుని చూస్తే అవే మీకు తర్వాతి ప్యాడ్ చెబుతాయి. అంచులు తెల్లబారి బూడిదలా రాలుతుంటే ఆ రకం మీ వేడికి చాలలేదు. ముఖం అద్దంలా మెరుస్తుంటే అది కాగి గట్టిపడింది. అంచుల దాకా ఒకే నలుపు, నిగనిగలాడని ముఖం ఉంటే రకం కుదిరినట్టే. లోపలి ప్యాడ్ బయటిదాని కంటే బాగా అరిగితే తప్పు ప్యాడ్‌ది కాదు, కాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయి. శుభ్రం చేసి వాటికి చెప్పిన గ్రీజే రాయించండి.

రోడ్డు మీద మూడు మిల్లీమీటర్ల దాకా వాడుకోవచ్చు, చాలా ప్యాడ్లకు ఆ దశలో కీచుమనే చిన్న రేకు కూడా ఉంటుంది. ట్రాక్‌కి మాత్రం సగం అరిగిన ప్యాడ్‌తో వెళ్లకండి. సరుకు పలచబడేకొద్దీ వేడి సూటిగా కాలిపర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి చేరుతుంది. పొద్దున్న బాగున్న పెడల్ మధ్యాహ్నానికి మెత్తబడడానికి ఇదీ ఒక కారణమే.

ఇంటికి బయల్దేరే ముందు రోడ్డు ప్యాడ్లు మళ్లీ ఎక్కించండి. హైవే మీద 80లో పోతూ ఏ టోల్‌గేట్ దగ్గరో కొట్టే మొదటి బ్రేకు చల్లటి డిస్కు మీదే పడుతుంది. రెండు రకాల పూతలు ఒకదాని మీదొకటి చేరితే మొదట కొన్ని బ్రేకులు అస్తవ్యస్తంగా ఉంటాయి కనుక, ట్రాక్ ఆవరణలోనే నాలుగైదు సార్లు తేలిగ్గా తొక్కి చూసుకుని రోడ్డెక్కండి. తరచూ వెళ్లేవాళ్లు రేస్ ప్యాడ్లకు వేరే జత డిస్కులే ఉంచుకుంటారు. విప్పిన ప్యాడ్ల వెనక రేకు మీద మార్కర్‌తో కుడి, ఎడమ, లోపల, బయట అని రాసి, మిగిలిన మందం పక్కన వేసి డబ్బాలో పెట్టండి. వచ్చేసారి ఏది ఎక్కడిదో తెలియక ప్యాడ్లు అటూ ఇటూ మారిస్తే, అవి డిస్కుతో మళ్లీ కుదురుకోవడానికే ఉదయం సెషన్ అయిపోతుంది.